ముందెవరు, వెనుకెవరు? – రౌటరు లోపలి వరుసల శాస్త్రం

హైదరాబాదు నుండి న్యూయార్కు నగరానికి భూగోళం మీద అతి దగ్గరి దారిలో కొలిస్తే దూరం సుమారు 13,000 కిలోమీటర్లు. గాజు తంతువులో కాంతి సెకనుకు రమారమి 2,00,000 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. కనుక హైదరాబాదులో తల్లి పలికిన మాట న్యూయార్కులోని బిడ్డ చెవిని చేరడానికి, మధ్యలో ఎక్కడా క్షణమాత్రం ఆగకపోయినా, 65 మిల్లీసెకన్లు పడుతుంది. సముద్రగర్భపు కేబుళ్ళు తిన్నగా సాగవు కనుక వాస్తవంలో అంతకంటె ఎక్కువే పడుతుంది. సంభాషణ సహజంగా సాగాలంటే ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్లకు మించకుండా ఉండడం మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం తన జి.114 ప్రమాణంలో సూచించింది. ఆలస్యం పెరిగినకొద్దీ ఒకరి మాటకు మరొకరి మాట అడ్డు తగులుతుంది. ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. "నువ్వు చెప్పు", "లేదు, నువ్వే చెప్పు" అనుకోవడంలోనే కాలం గడిచిపోతుంది.

ఈ 150లో కాంతి ప్రయాణానికి కనీసం 65 పోగా, మాటను అంకెలుగా మార్చి ఒక్కొక్క పొట్లంగా నింపడానికి సాధారణంగా 20 మిల్లీసెకన్లు పోతాయి. మిగిలిన 65లోనే కేబుళ్ళ వంకర దారి, దారిలోని రౌటర్ల వద్ద నిరీక్షణ, ముందూ వెనుకా చేరిన పొట్లాలను సరిచేయడానికి వినేవారి యంత్రం తీసుకునే వ్యవధి – అన్నీ ఇమడాలి. కాంతి వేగాన్ని పెంచడం ఎవరి తరమూ కాదు. మానవుడు తన తెలివితో తగ్గించుకోగలిగినది ముఖ్యంగా ఒక్కటే: రౌటరు వద్ద వరుసలో నిలబడే కాలం. ఆ వరుసలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది ఎలా నిర్ణయమవుతుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వరుస ఎందుకు ఏర్పడుతుంది?

పాత టెలిఫోను పద్ధతిలో ఇద్దరు మాట్లాడుకుంటున్నంత సేపూ వారికోసం ఒక దారిని ప్రత్యేకించి ఉంచేవారు. ఎన్ని దారులు ఉంటే ఎందరికి సరిపోతాయన్న లెక్కకు పునాది వేసినవాడు డెన్మార్కు దేశపు గణితవేత్త ఆగ్నర్ ఎర్లాంగ్. కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేస్తూ ఆయన 1909లో ప్రచురించిన పరిశోధనతోనే వరుసల సిద్ధాంతం ఆరంభమైనదని చెప్పవచ్చు.

1969లో మొదలైన అర్పానెట్, దాని వారసురాలైన ఇంటర్నెట్ వేరొక పద్ధతిని అవలంబించాయి. ఇందులో ఎవరికీ ప్రత్యేకమైన దారి ఉండదు. మాట కానీ, చిత్రం కానీ, ఉత్తరం కానీ చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి, ప్రతి ప్యాకెట్టూ తన నొసట చిరునామా రాసుకొని బయలుదేరుతుంది. సాధారణమైన టెలిఫోను మాటలో 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున సెకనుకు 50 ప్యాకెట్లు పుడతాయి. ఒక్కొక్క దానిలో మాట 160 బైట్లు, చిరునామా తదితర వివరాలు 40 బైట్లు. అదే తీగ మీద 1,500 బైట్ల పెద్ద ప్యాకెట్లతో ఎవరిదో సినిమా కూడా వస్తూ ఉంటుంది. పలు దిక్కుల నుండి వచ్చినవి ఒకే క్షణంలో ఒకే తీగ మీదికి వెళ్ళవలసి వచ్చినప్పుడు ఒకటి వెళుతుంది, మిగిలినవి ఆగుతాయి. ఆ ఆగడమే వరుస.

లైన్ కార్డు చేసే పని

పెద్ద రౌటరు చూడడానికి అరల బీరువాలా ఉంటుంది. అరలలోకి పలకల వంటి కార్డులు జొప్పిస్తారు. బయటి కేబుళ్ళు వచ్చి కలిసేది ఈ కార్డులకే. అందుకే వీటిని లైన్ కార్డులంటారు. కార్డులన్నిటినీ కలుపుతూ లోపల ఒక కూడలి ఉంటుంది. ప్యాకెట్టు ఒక కార్డులో ప్రవేశించి, కూడలి దాటి, మరొక కార్డు ద్వారా బయటకు పోతుంది. ఈలోగా జరిగే పనులు ఇవి:

1. నొసటి రాతను చదవడం.
2. చిరునామాను బట్టి ఏ కార్డు ద్వారా, ఏ కేబులు మీదికి పంపాలో పట్టికలో వెదకడం.
3. ప్యాకెట్టు ఏ తరగతికి చెందినదో నిర్ణయించడం.
4. ఆ తరగతి వరుసలో చేర్చడం.
5. కేబులు ఖాళీ కాగానే ఏ వరుస నుండి తీయాలో ఎంచుకొని పంపడం.

వరుసలో చేర్చడమంటే ప్యాకెట్టును మోసుకొనిపోయి మరొకచోట పెట్టడం కాదు. ప్యాకెట్టు మెమరీలో పడినచోటనే ఉంటుంది. అది ఉన్న స్థానం సంఖ్య మాత్రమే వరుసలో చేరుతుంది. ఇంతటి పొదుపు ఎందుకో ఒక చిన్న లెక్క తెలుపుతుంది. సెకనుకు 100 గిగాబిట్ల ఈథర్నెట్ కేబులు మీద అతి చిన్న ప్యాకెట్లు ఎడతెగకుండా వస్తే సెకనుకు 14.88 కోట్లు వస్తాయి. అంటే ఒక్కొక్క దానికి చిక్కే వ్యవధి 6.72 నానోసెకన్లు. ఆ వ్యవధిలో శూన్యంలో కాంతి సైతం రెండు మీటర్లు మాత్రమే పోగలదు. ఆ లోపల పై అయిదు పనులూ ఒకదాని వెంట ఒకటి పూర్తి చేయడం అసాధ్యం. అందుకే కార్డులోని చిప్పులో ఈ పనులను వేర్వేరు భాగాలకు పంచి, ఒక ప్యాకెట్టు మూడవ మెట్టు మీద ఉండగానే దాని వెనుకటిది రెండవ మెట్టు మీద ఉండేటట్లు కర్మాగారపు పద్ధతిలో నడిపిస్తారు.

వరుసలను ఎక్కడ నిలపాలన్నది కూడా చిన్న ప్రశ్న కాదు. లోపలికి వచ్చే కార్డులో అన్నిటినీ కలిపి ఒకే వరుసగా నిలిపితే, ముందున్న ప్యాకెట్టు వెళ్ళవలసిన దారి మూసి ఉన్నప్పుడు దాని వెనుకనున్నవి తమ దారి తెరిచి ఉన్నా కదలలేవు. ఇరుకు సందులో కుడివైపు మళ్ళవలసిన బండి ఆగితే, తిన్నగా పోవలసిన బళ్ళూ ఆగినట్లే. ఈ ఒక్క లోపం వల్ల పెద్ద రౌటరు తన సామర్థ్యంలో 58.6 శాతం మాత్రమే వినియోగించుకోగలదని 1987లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ విశ్లేషణ గణితరీత్యా చూపింది. ప్యాకెట్లు యాదృచ్ఛికంగా, అన్ని దారులకూ సమానంగా వస్తాయన్న ఊహ మీద వచ్చిన సంఖ్య అది. దీనికి పరిష్కారం, లోపలికి వచ్చే కార్డులోనే బయటకు పోయే ఒక్కొక్క దారికి ఒక్కొక్క వరుస ఏర్పరచడం. ఆ వరుసలోనే ప్రాధాన్యాన్ని బట్టి మళ్ళీ విభాగాలు చేస్తారు. ఆ కారణంగా ఒక కార్డులోనే వేలకొద్దీ వరుసలు ఉండడం వింత కాదు.

నొసటి గుర్తు

ప్యాకెట్టు ప్రాధాన్యాన్ని తెలిపే గుర్తుకు 1981లోనే చోటు కల్పించారు. ఆ సంవత్సరం సెప్టెంబరులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 791 అన్న పత్రం మూడు బిట్లతో ఎనిమిది అంతస్తులను నిర్దేశించింది. సామాన్యం, ప్రాధాన్యం, తక్షణం అంటూ మెట్లుగా పోయే ఆ పేర్లు తంతి వార్తల కాలపు వాసనను గుర్తు చేస్తాయి. 1998 డిసెంబరులో ఆర్.ఎఫ్.సి. 2474 ఈ గుర్తును ఆరు బిట్లకు పెంచింది. ఆరు బిట్లతో 64 గుర్తులు సాధ్యం. వాటిలో టెలిఫోను మాటలకు ఎక్కువగా వాడేది 46వ సంఖ్య.

గుర్తు ఉన్నంత మాత్రాన గౌరవం దక్కదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్లు, ఆ గుర్తును పాటించాలా వద్దా అన్నది ప్రతి రౌటరు నిర్వాహకుని ఇష్టం.

తీసే పద్ధతులు

వరుసల నుండి ప్యాకెట్లను తీసే భాగాన్ని షెడ్యూలరు అంటారు. దాని నియమాలు ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది నిక్కమైన ప్రాధాన్యం. పై వరుసలో ఒక్క ప్యాకెట్టు ఉన్నా కింది వరుస వైపు చూడకపోవడం దీని లక్షణం. మాటలకు ఇది అనుకూలమే. కానీ పై వరుస ఎన్నడూ ఖాళీ కాకపోతే కింది వరుస ఆకలితో మాడిపోతుంది.

రెండవది వంతుల పద్ధతి. అన్ని వరుసలకూ వంతులవారీగా అవకాశం ఇవ్వడం న్యాయమని 1985లో జాన్ నేగల్ ప్రతిపాదించారు. అయితే ఒక వరుసలో 1,500 బైట్ల ప్యాకెట్లు, మరొక వరుసలో 200 బైట్ల ప్యాకెట్లు ఉంటే, వంతుకు ఒక్కొక్కటి పంపడం న్యాయం కాదు. 1989లో డెమర్స్, కేశవ్, షెంకర్‌లు ప్యాకెట్ల పరిమాణాన్ని కూడా లెక్కలోకి తీసుకొనే పద్ధతిని ఇచ్చారు. దానిని చిప్పులో సులువుగా ఇమిడ్చే ఉపాయాన్ని 1995లో శ్రీధర్, జార్జ్ వర్గీస్‌లు కనుగొన్నారు. అది చిల్లర కొట్టు ఖాతా పద్ధతి వంటిది. ప్రతి చుట్టులో ప్రతి వరుస ఖాతాలో 500 బైట్లు జమ చేస్తారనుకుందాం. పెద్ద ప్యాకెట్ల వరుసకు మొదటి చుట్టులో 500, రెండవ చుట్టులో 1,000 నిలువ ఉంటుంది, పంపడానికి చాలదు. మూడవ చుట్టులో 1,500 కాగానే ఒక ప్యాకెట్టు పోతుంది. చిన్న ప్యాకెట్ల వరుస మొదటి చుట్టులో రెండు పంపి 100 నిలువ ఉంచుకుంటుంది. రెండవ చుట్టులో మూడు పంపుతుంది. మూడవ చుట్టులో మళ్ళీ రెండు పంపి 100 మిగుల్చుకుంటుంది. మూడు చుట్లకు మొదటి వరుస 1,500 బైట్లు, రెండవ వరుస 1,400 బైట్లు పంపి, 100 బైట్లు ఖాతాలో ఉంచుకున్నది. పైసా తేడా లేదు.

నేటి లైన్ కార్డులు ఈ రెంటినీ కలిపి వాడుతాయి. మాటలకు, రౌటర్లు తమలో తాము పంపుకునే వార్తలకు నిక్కమైన ప్రాధాన్యం; మిగిలిన వాటికి తగు పాళ్ళలో వంతులు. రౌటర్ల వార్తలకు ఆ గౌరవం ఊరక దక్కలేదు. "నేను బతికే ఉన్నాను" అని పొరుగు రౌటరుకు చెప్పే సందేశం రద్దీలో చిక్కి నిర్ణీత గడువులోపల చేరకపోతే, పొరుగు రౌటరు ఆ దారినే చచ్చినదిగా భావించి, దాని మీది రాకపోకలన్నిటినీ మళ్ళించివేస్తుంది.

నిరీక్షణ నిత్యత్వ నియమం

రసాయన చర్యలో పదార్థాల రూపం మారుతుంది కాని మొత్తం ద్రవ్యరాశి మారదు. వరుసలకు కూడా అటువంటి నియమం ఒకటి ఉన్నది. దానిని 1960ల దశకంలో లెనార్డ్ క్లైన్‌రాక్ నిరూపించారు. కేబులు పని ఉండగా ఖాళీగా ఉండరాదు, ప్యాకెట్లను పారవేయరాదు, ఎంపికలో ప్యాకెట్టు పరిమాణాన్ని చూడరాదు. ఈ షరతులకు లోబడి ఏ క్రమంలో పంపినా, ఒక్కొక్క తరగతి సగటు నిరీక్షణను ఆ తరగతి కేబులును వాడుకునే భాగంతో గుణించి, అన్నిటినీ కూడితే వచ్చే మొత్తం మారదు. ఒకరి నిరీక్షణ తగ్గితే మరొకరిది పెరిగి తీరాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కేబులు నూటికి 80 పాళ్ళు పనిలో ఉన్నది. ప్యాకెట్లన్నీ ఒకే పరిమాణం గలవి; యాదృచ్ఛికంగా వస్తున్నవి. ఒక ప్యాకెట్టును పంపడానికి పట్టే కాలాన్ని ఒక ప్రమాణం అనుకుందాం.

అందరికీ ఒకే వరుస ఉన్నప్పుడు: సగటు నిరీక్షణ 2 ప్రమాణాలు.

80 పాళ్ళలో 10 పాళ్ళకు మాత్రమే ప్రాధాన్యం ఇచ్చినప్పుడు: వారి నిరీక్షణ 0.44, మిగిలిన 70 పాళ్ళ వారికి 2.22.

80 పాళ్ళలో 70 పాళ్ళకు ప్రాధాన్యం ఇచ్చినప్పుడు: వారి నిరీక్షణ 1.33, మిగిలిన 10 పాళ్ళ వారికి 6.67.

మూడు సందర్భాలలోనూ పైన చెప్పిన మొత్తం 1.6 మాత్రమే. రెండవ సందర్భంలో కొద్దిమందికి గొప్ప మేలు జరిగినది. దాని ఖరీదు ఎందరిలోనో పంచబడి, ఎవరికీ బరువు కాలేదు. మూడవ సందర్భంలో పెద్దల సంఖ్య పెరిగి, వారికి చేకూరిన మేలు పలచబడినది. మిగిలిన కొద్దిమందికి మాత్రం నిరీక్షణ మూడు రెట్లకు మించినది. తిరుమలలో ప్రత్యేక ప్రవేశ దర్శనపు వరుసను, సర్వదర్శనపు వరుసను చూచిన తెలుగువారికి ఈ గణితాన్ని వేరుగా బోధించనక్కరలేదు. ప్రత్యేక వరుస పొడవైనకొద్దీ దానిలోని ప్రత్యేకత తరిగిపోతుంది.

కావుననే ప్రాధాన్య వరుసకు కాపలా అవసరం. దీనికి వాడే ఉపాయాన్ని టోకెన్ బకెట్ అంటారు. బ్యూరెట్టు నుండి చుక్కలు పడినట్లు ఒక పాత్రలోకి స్థిరమైన వేగంతో టోకెన్లు పడుతుంటాయి. ప్రాధాన్యపు గుర్తుతో వచ్చిన ప్యాకెట్టు తన పరిమాణానికి తగిన టోకెన్లు తీసుకొని ముందుకు పోవాలి. పాత్ర ఖాళీ అయితే దానిని పారవేస్తారు, లేదా సామాన్య తరగతికి దింపుతారు. ప్రతివాడూ తన ప్యాకెట్టు నొసట తానే 46 రాసుకొనకుండా నెట్‌వర్కు సరిహద్దులోనే గుర్తులను తిరిగి రాయడం కూడా ఈ కాపలాలో భాగమే.

పొడవైన వరుస దయ కాదు

ప్యాకెట్లను పారవేయడం క్రూరమనీ, మెమరీ పెంచి అన్నిటినీ నిలిపి ఉంచడం మేలనీ తోచవచ్చు. అది పొరపాటు. అనంతమైన మెమరీ ఉన్నా రద్దీ తీరదని, అప్పుడు ప్యాకెట్లు చేరేనాటికి వాటి ఆయుస్సే తీరిపోయి ఉంటుందని నేగల్ 1985 నాటి పత్రంలోనే హెచ్చరించారు. మరుసటి సంవత్సరమే, 1986 అక్టోబరులో, కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ లాబొరేటరీకీ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య 400 గజాల దూరంలో వార్తల వేగం సెకనుకు 32,000 బిట్ల నుండి 40 బిట్లకు పడిపోయింది. ఆలస్యమైన ప్యాకెట్టు పోయిందని భావించి ప్రతి కంప్యూటరూ మళ్ళీ మళ్ళీ పంపడమే కారణం. ప్యాకెట్టు పోవడాన్ని రద్దీకి సూచనగా గ్రహించి పంపేవాడే వేగం తగ్గించుకునే పద్ధతులను వాన్ జేకబ్సన్ 1988లో ప్రచురించడంతో పరిస్థితి కుదుటపడింది.

అంటే సకాలంలో ఒక ప్యాకెట్టును పారవేయడం పంపేవానికి చేసే హెచ్చరిక. వరుస మరీ పొడవైతే ఆ హెచ్చరిక ఆలస్యమవుతుంది. సెకనుకు 10 లక్షల బిట్లు పంపగల ఇంటి కనెక్షను వద్ద 2,50,000 బైట్ల వరుస నిండితే, చివరనున్న మాట రెండు సెకన్లు ఆగవలసి వస్తుంది. 150 మిల్లీసెకన్ల హద్దు ఎక్కడ, రెండు సెకన్లు ఎక్కడ! ఈ రుగ్మత 2010 తరువాత జిమ్ గెటిస్ కృషి వల్ల అందరి దృష్టికీ వచ్చింది. 2012లో కేథ్లీన్ నికల్స్, జేకబ్సన్‌లు ప్రకటించిన కోడెల్ అన్న పద్ధతి వరుస పొడవును కాక, ప్యాకెట్టు అందులో గడిపిన కాలాన్ని చూస్తుంది. నిరీక్షణ 100 మిల్లీసెకన్ల పాటు ఎడతెగక 5 మిల్లీసెకన్లకు పైబడి ఉంటే పారవేయడం మొదలుపెడుతుంది.

ముందు నిలిపే అధికారం ఎవరిది?

నిత్యత్వ నియమం ఇంజనీర్లకు మాత్రమే కాదు, పౌరులకు కూడా సంబంధించినది. డబ్బు చెల్లించిన వ్యాపారసంస్థ ప్యాకెట్లను ముందు నిలపవచ్చునా అన్నది చాలాకాలంగా నలుగుతున్న వివాదం. అమెరికాలో సమాచార నియంత్రణ సంస్థ 2015లో దానిని నిషేధించింది. 2017లో ఆ నిషేధాన్ని తొలగించింది. 2024లో మరల విధించింది. 2025 జనవరిలో అప్పీలు న్యాయస్థానం దానిని కొట్టివేసింది. భారత ప్రభుత్వం 2018 జూలైలో, కొన్ని ప్రత్యేక సేవలను మినహాయిస్తూ, వివక్ష కూడదన్న సూత్రాన్ని ఆమోదించింది. ఈ వివాదంలో ఏ పక్షం వహించేవారైనా ఒక సంగతి మరువరాదు. రద్దీ లేనప్పుడు ప్రాధాన్యానికి విలువ లేదు. రద్దీ ఉన్నప్పుడు అది మరొకరి కాలంలో నుండి తీసి ఇచ్చినదే.

ఒక సంస్థ తన సొంత నెట్‌వర్కులో ప్రాధాన్యాన్ని చక్కగా అమలు జరపగలదు. కానీ పలు సంస్థల చేతులు మారుతూ సముద్రాలు దాటే మాటకు నొసటి గుర్తు చివరివరకు నిలుస్తుందన్న భరోసా లేదు. అటువంటి మాటను కాపాడేవి మూడు: కేబుళ్ళ మీద మితమైన భారం, వరుసలలో న్యాయమైన వంతులు, పొట్టి వరుసలు. భారం విలువను కూడా గణితమే చెబుతుంది. పై ఉదాహరణలో అందరికీ ఒకే వరుస ఉండి, కేబులు 50 పాళ్ళు పనిలో ఉంటే సగటు నిరీక్షణ 0.5 ప్రమాణం, 90 పాళ్ళలో 4.5, 99 పాళ్ళలో 49.5. చివరి 9 పాళ్ళను పిండుకొనడానికి నిరీక్షణ పదకొండు రెట్లు పెరిగినది.

ప్రాధాన్యం కాలాన్ని సృష్టించదు. ఒకరి నుండి తీసి మరొకరికి ఇస్తుంది. తీసుకునేవారు కొద్దిమందై, వారి అవసరం నిజమైనదై, ఇచ్చేవారికి అది భారం కానప్పుడే ఆ ఏర్పాటు న్యాయమవుతుంది. లైన్ కార్డును రూపొందించే ఇంజనీరు నానోసెకన్లలో పాటించే నియమం ఇదే. తల్లి మాట మధ్యలో తెగకుండా బిడ్డ చెవిని చేరిన ప్రతిసారీ, దారి పొడవునా ఎన్నో ప్యాకెట్లు ఒక్క క్షణం పక్కకు తొలగి ఉంటాయి.